స్టూడియో బయటి బార్బిరోలి: రేడియో టేపుల్లో దొరికే మాలర్

ఇంగ్లీషు కండక్టర్ (ఆర్కెస్ట్రాను నడిపించే వ్యక్తి) సర్ జాన్ బార్బిరోలి చేతిలో ఆస్ట్రియా స్వరకర్త గుస్తావ్ మాలర్ సంగీతం అనగానే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినేవాళ్లకు మూడు రికార్డింగులు గుర్తొస్తాయి. 1964లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో చేసిన తొమ్మిదో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన, కొన్ని భాగాలుగా సాగే పెద్ద రచన), 1967లో న్యూ ఫిల్హార్మోనియాతో చేసిన ఆరోది, అదే ఆర్కెస్ట్రాతో 1969లో చేసిన అయిదోది. మూడూ ఈఎంఐ అనే రికార్డుల సంస్థ కోసం స్టూడియో పద్ధతిలో తీసినవి. మాలర్ గురించి ఏ జాబితా రాసినా వీటిలో ఒకటైనా అందులో ఉంటుంది. బార్బిరోలి ఎలాంటి మాలర్ కండక్టరో కూడా ఈ మూడింటిని బట్టే లోకం తేల్చేసింది: నెమ్మదిగా నడుపుతాడు, తీగ వాద్యాలను పాడిస్తాడు, ఆర్ద్రత ఎక్కువ, ఆకృతి మీద పట్టు కాస్త తక్కువ.

ఈ తీర్పులో మొదటి సగం నిజమే. రెండో సగమే నిలబడదు. దాన్ని కొట్టేసే సాక్ష్యం ఆ మూడు రికార్డుల్లో దొరకదు. అది రేడియో ప్రసారాల టేపుల్లో ఉంది. 1960లో మాంచెస్టర్‌లో ఏడో సింఫనీ, 1965లో బెర్లిన్‌లో రెండోది, 1966లో అక్కడే ఆరోది, 1967 జనవరిలో ప్రాగ్‌లో నాలుగోది, 1969లో మాంచెస్టర్‌లో మూడోది. ఇవన్నీ కచేరీల రికార్డింగులు. చాలావరకు ఆయన పోయిన దశాబ్దాల తర్వాత బీబీసీ లెజెండ్స్, టెస్టమెంట్ వంటి లేబుళ్ల ద్వారా బయటికొచ్చాయి. అప్పటికే అభిప్రాయాలు గట్టిపడిపోయాయి కాబట్టి వీటిని పాత అభిమానుల సరదాగా చూసినవాళ్లే ఎక్కువ. నిజానికి బార్బిరోలి ఒక పెద్ద రచనను ఎలా ఆలోచించాడో స్టూడియో రికార్డుల కంటే ఈ టేపులే బాగా చెబుతాయి.

ముందు కొంచెం నేపథ్యం. బార్బిరోలి 1899 డిసెంబరులో లండన్‌లో పుట్టారు. తండ్రి ఇటలీవాడు, తల్లి ఫ్రాన్స్ నుంచి వచ్చిన మనిషి. తండ్రి, తాత ఇద్దరూ వయొలిన్ వాద్యకారులే. 1887లో మిలాన్‌లోని లా స్కాలాలో వెర్ది ఒపెరా ఒథెల్లో తొలి ప్రదర్శనకు ఇద్దరూ ఆర్కెస్ట్రాలో కూర్చుని వాయించారు. బార్బిరోలి చెల్లో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద తీగ వాద్యం) పట్టారు, పదిహేడేళ్లు నిండకముందే లండన్‌లో వృత్తి వాద్యకారుడయ్యారు. తర్వాత కండక్టరై, 1936లో ఆర్తురో టొస్కనీని స్థానంలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ పగ్గాలు చేపట్టారు. యుద్ధం మధ్యలో, 1943లో, దాన్ని వదిలి మాంచెస్టర్‌లోని హాలే ఆర్కెస్ట్రాకు వచ్చారు. వచ్చేసరికి అక్కడ వాద్యకారుల కుర్చీలు సగం ఖాళీ. కొద్ది వారాల్లోనే ఎక్కడెక్కడి నుంచో మనుషుల్ని పోగుచేసి, ఆర్కెస్ట్రాను మళ్లీ నిలబెట్టారు. చివరిదాకా ఆ ఆర్కెస్ట్రాను వదల్లేదు.

మాలర్ దగ్గరికి మాత్రం ఆయన ఆలస్యంగానే వచ్చారు. 1930లో నాలుగో సింఫనీ మొదటిసారి విన్నప్పుడు అది ఆయనకు నచ్చలేదు. 1950ల మొదట్లో మాంచెస్టర్ గార్డియన్ సంగీత విమర్శకుడు నెవిల్ కార్డస్ వెంటపడి చెప్పాక గానీ సింఫనీలను తీరిగ్గా చేతికి తీసుకోలేదు. 1954లో హాలేతో తొమ్మిదో సింఫనీ చేసినప్పుడు రిహార్సళ్లకు దాదాపు 50 గంటలు పట్టింది. ఒక్కో మాలర్ సింఫనీ వంటబట్టడానికి తనకు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు కావాలని ఆయన లెక్క. తీగ వాద్యాల ప్రతి కాగితం మీదా కమాను ఎక్కడ పైకి లాగాలో, ఎక్కడ కిందికి లాగాలో తన చేత్తోనే గుర్తులు పెట్టేవారు. ఆవేశం వచ్చినట్టు ఊగిపోయే కండక్టర్ చేసే పని కాదిది. కచేరీలో ఆశువుగా పుట్టినట్టు వినిపించేదాని వెనక నెలల తరబడి బల్ల ముందు కూర్చున్న శ్రమ ఉంది.

ఈ శ్రమలో పాలుపంచుకున్న వాద్యకారుల్లో మన దేశం మనిషీ ఉన్నారు. బొంబాయి నుంచి వెళ్లిన వయొలిన్ వాద్యకారుడు మెహ్లీ మెహతా 1950ల ద్వితీయార్ధంలో హాలేలో ముందు వరుసలో వాయించారు. కండక్టర్ జుబిన్ మెహతా ఆయన కుమారుడే.

ఇక ఆరో సింఫనీ దగ్గరికి వస్తే, బార్బిరోలి గురించి ఉన్న అభిప్రాయం ఎంత తొందరపాటుదో తెలుస్తుంది. 1967 ఆగస్టులో లండన్ కింగ్స్‌వే హాల్లో తీసిన స్టూడియో రికార్డింగు పేరు మోసింది దాని మందగతి వల్లే. మొదటి భాగంలో ఆరంభపు సంగీతాన్ని మళ్లీ వాయించమని మాలర్ రాశారు. బార్బిరోలి ఆ పునరావృత్తి వదిలేశారు. వదిలేసినా ఆ భాగం 21 నిమిషాలు దాటింది. చాలామంది కండక్టర్లకు పునరావృత్తితో కలిపి పట్టే సమయానికి ఇది కాస్తే తక్కువ. ఆ కవాతు బరువైన బూట్లతో బురదలో నడిచినట్టు సాగుతుంది. కొందరికి ఇదే దాని మహత్తు, మరికొందరికి ఇది అసలు కవాతే కాదు. మాలర్ అక్కడ రాసిన సూచనలో వేగం, శక్తి రెండూ ఉన్నాయి. "మరీ ఎక్కువ కాకుండా" అన్న హెచ్చరికా ఉంది. బార్బిరోలి ఆ హెచ్చరికను ఇతరుల కంటే గట్టిగా పట్టుకున్నారని అనుకోవచ్చు.

అయితే 1966 జనవరి 13న బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో ఆయన చేసిన ఇదే సింఫనీ వింటే ఆ మందగతి ఆయన సిద్ధాంతమేమీ కాదని అర్థమవుతుంది. అదే కవాతు అక్కడ స్పష్టంగా వేగం పుంజుకుంటుంది. ముందుకు తోసుకుపోయే గుణం ఎక్కువ, భారం తక్కువ. ఇంకో టేపు కూడా ఉంది: 1967 ఆగస్టు 16న లండన్‌లో ఏటా వేసవిలో జరిగే ప్రామ్స్ కచేరీలో న్యూ ఫిల్హార్మోనియాతో చేసినది. స్టూడియో పని అదే వారంలో జరిగింది. అంటే ఏడాదిన్నర వ్యవధిలో ఒకే కండక్టర్ ఒకే రచనను మూడు చోట్ల చేసిన ఆనవాళ్లు మన చేతిలో ఉన్నాయి. ఆర్కెస్ట్రా ఏది, హాలు ఎలాంటిది, ఎదురుగా శ్రోతలున్నారా లేదా అన్నదాన్నిబట్టి ఆయన కాలప్రమాణం మారింది. మారనిది ఒకటుంది. మొదటి భాగంలో మాలర్ భార్య ఆల్మా పేరుతో ముడిపెట్టే ఆ ఎగసిపడే రెండో ఇతివృత్తం ఏ వేగంలో వచ్చినా కవాతుకు అతికించినట్టు ఉండదు, కవాతులోంచే తన్నుకొచ్చినట్టు ఉంటుంది. ఇది ఆకృతి మీద పట్టు లేనివాళ్లు చేయగల పని కాదు.

భాగాల వరుస విషయం ఇంకా ముఖ్యం. ఆరో సింఫనీ మధ్యలో ఒక స్కెర్ట్సో (చురుకైన లయ ఉన్న భాగం), ఒక ఆందాంతే (నిదానంగా సాగే భాగం) ఉన్నాయి. మాలర్ మొదట స్కెర్ట్సోను ముందు పెట్టి అచ్చు వేయించారు. 1906 మే 27న ఎస్సెన్‌లో తొలి ప్రదర్శనకు మాత్రం ఆందాంతే ముందుకు జరిపారు, ఆ తర్వాత తాను చేసిన కచేరీల్లోనూ అదే వరుస పాటించారు. 1963లో వచ్చిన స్వరలిపి సంపుటి సంపాదకుడు ఎర్విన్ రాట్స్ మళ్లీ స్కెర్ట్సోకే మొదటి స్థానమిచ్చారు, చాలాకాలం ప్రపంచం దాన్నే అనుసరించింది. బార్బిరోలి ఆందాంతేనే ముందు వాయించేవారు. బెర్లిన్‌లో, ప్రామ్స్‌లో వినిపించేది ఆ వరుసే. కానీ స్టూడియో రికార్డింగును ఎల్పీలుగా విడుదల చేసినప్పుడు ఆయన ఇష్టానికి విరుద్ధంగా స్కెర్ట్సోను ముందుకు తెచ్చారు. సీడీల కాలంలో ఒక విడుదలలో గానీ ఆయన వరుస తిరిగి రాలేదు.

ఇది పండితుల తగవులా కనిపిస్తుంది గానీ చెవికి తేడా చాలా పెద్దది. స్కెర్ట్సో కూడా మొదటి భాగంలాగే ఎ మైనర్ అనే స్వరశ్రేణిలో అడుగులు దబదబలాడిస్తూ మొదలవుతుంది. అంత నిదానమైన, అంత బరువైన మొదటి భాగం వెంటనే మళ్లీ అదే తొక్కుడు వస్తే శ్రోత ఊపిరాడక వదిలేస్తాడు. అదే ఆందాంతే వస్తే ఆ బరువుకు ఒక అర్థం వస్తుంది. ఇరవై నిమిషాలు మోసిన మోత దించుకునే చోటు దొరుకుతుంది, ఆ తర్వాత స్కెర్ట్సో, దాని వెనకే అరగంట ఫినాలే (ముగింపు భాగం) కలిసి ఒకే పెద్ద పతనంలా వినిపిస్తాయి. బార్బిరోలి వేగం ఆ వరుసను దృష్టిలో పెట్టుకుని ఎంచుకున్నది. వరుస తారుమారు చేసిన డిస్కు విని "మరీ నెమ్మది" అని తీర్పిచ్చినవాళ్లు ఆయన కట్టని కట్టడాన్ని చూసి తీర్పిచ్చారు. ఆ రికార్డింగు ఇప్పుడు వినదలచినవాళ్లు రెండో ట్రాకు ఆందాంతేనా కాదా చూసుకుని, కాకపోతే తామే వరుస మార్చుకుని వినడం న్యాయం.

బెర్లిన్ టేపులకు ఇంకో ప్రాధాన్యం ఉంది. మాలర్ యూదుడు కావడంతో నాజీల కాలంలో జర్మనీలో ఆయన సంగీతం వినిపించకుండా పోయింది. యుద్ధం ముగిశాక కూడా ఆ తెగిన తాడు అంత త్వరగా అతకలేదు. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ప్రధాన కండక్టర్ హెర్బర్ట్ ఫాన్ కరాయన్ మాలర్ సింఫనీని మొదటిసారి రికార్డు చేసింది 1973లో. అంతకు పదేళ్ల ముందే, 1963 జనవరిలో, బార్బిరోలితో తొమ్మిదో సింఫనీ వాయించిన వాద్యకారులు దాన్ని ఆయనతోనే రికార్డు చేయాలని తామే అడిగారు. జర్మనీలోకెల్లా పేరున్న ఆర్కెస్ట్రాకు తమ సొంత సంప్రదాయంలోని మాలర్‌ను మాంచెస్టర్ నుంచి వచ్చిన మనిషి తిరిగి పరిచయం చేశాడంటే అతిశయోక్తి కాదు. 1965లో జానెట్ బేకర్, మరియా స్టాడర్ పాడగా చేసిన రెండో సింఫనీ, ఆ మరుసటి ఏడాది ఆరోది ఆ పరిచయంలోని తర్వాతి మెట్లు.

అంత గొప్ప ఆర్కెస్ట్రా అందుబాటులో ఉన్నా, బార్బిరోలి తక్కువ తెలిసిన మాలర్‌లో శిఖరం హాలేతోనే వచ్చింది. 1969లో మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో కెర్స్టిన్ మేయర్ గాత్రంతో చేసిన మూడో సింఫనీ అది. అదే ఏడాది బెర్లిన్‌లో చేసిన మూడో సింఫనీ కూడా దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి వింటే తీగ వాద్యాల నిగనిగలో బెర్లిన్‌దే పైచేయి, సందేహం లేదు. కానీ మూడో సింఫనీ నిగనిగలాడే రచన కాదు. ఆరు భాగాలు, వాటిలో మొదటిదే అరగంట పైన. ఎనిమిది హార్న్‌లు ఒకే స్వరంలో కేకపెట్టడంతో మొదలై, మొద్దుబారిన భూమిలోంచి గ్రీష్మం కవాతు చేస్తూ రావడం దాని కథ. ఆ కవాతులో మాలర్ వీధి బ్యాండును, అల్లరి మూకను కూడా కలిపేశారు. మాంచెస్టర్ చుట్టూ ఉన్న లాంకషైర్ ప్రాంతమంతా ఇత్తడి వాద్యాల బ్యాండ్లకు పుట్టిల్లు. హాలే ట్రాంబోన్లు, ట్రంపెట్లు ఆ సంగీతాన్ని వాయించే తీరులో ఆ నేల వాసన ఉంది. ట్రాంబోన్ ఒంటరిగా చేసే పెద్ద ప్రసంగం ఒక మనిషి నిలబడి మాట్లాడినట్టే ఉంటుంది. ఒకట్రెండు చోట్ల స్వరం చెదురుతుంది. చెదిరినా వాక్యం తెగదు.

ఆ ప్రదర్శనలో మరీ మరీ వినాల్సింది చివరి అదాజియో (చాలా నెమ్మదైన భాగం). మూడో సింఫనీ ఇక్కడిదాకా లాక్కొచ్చిన కండక్టర్లు చాలామంది ఈ భాగాన్ని మొదటి నిమిషం నుంచే ప్రార్థనలా పట్టుకుని, పదో నిమిషానికే భావమంతా ఖర్చు చేసేస్తారు. ఇక్కడ బార్బిరోలి గురించి ఉన్న పేరుకు పూర్తిగా భిన్నమైన పని జరుగుతుంది. ఆర్ద్రతకు మారుపేరైన మనిషి మొదట్లో దాన్ని అదిమిపెడతారు. ఇతివృత్తం నడక సాదాగా ఉంటుంది, వయొలిన్లు ఇంకా గొంతు విప్పవు. మధ్యలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే ఉద్వేగపు అలలు రెంటినీ శిఖరం దాకా పోనివ్వరు. ఇత్తడి వాద్యాలు మెత్తగా ఆ రాగాన్ని అందుకునే చోటు వచ్చేసరికి మాత్రమే దారి తెరుస్తారు. ముగింపు దగ్గర మాలర్ స్వరలిపిలో (స్కోరులో) మొరటు బలం వద్దని, నిండైన ఉదాత్తమైన నాదం కావాలని రాశారు. ఇద్దరు టింపనీ (పెద్ద డోళ్లు) వాద్యకారులు కలిసి కొట్టే ఆ చివరి పేజీల్లో ఎంతోమంది చేతుల్లో వినిపించేది మోతే. ఇక్కడ ఆ మోత నాదంగా ఉంది. ఇరవై నిమిషాల పైన సాగే భాగంలో శిఖరం ఎక్కడుందో మొదటి స్వరం దగ్గరే తెలిసి, అక్కడిదాకా ఖజానా కాపాడుకున్నవాళ్లకే ఇది సాధ్యం.

ప్రాగ్‌లో 1967 జనవరిలో చేసిన నాలుగో సింఫనీ ఇంకో రకం. బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా ఆ శీతాకాలంలో కండక్టర్లుగా బార్బిరోలి, పియెర్ బూలెజ్‌లను వెంటబెట్టుకుని ప్రాగ్‌కు, సోవియట్ యూనియన్‌కు వెళ్లింది. ఒకప్పుడు తనకు నచ్చని సింఫనీని ఆయన ఈ యాత్రలో హెదర్ హార్పర్ గాత్రంతో చేశారు. దీనిలో మూడో భాగం మొదలయ్యేది చెల్లోల మీద. కింద డబుల్ బాస్‌లు తీగ మీటుతూ అడుగులు వేస్తుంటే పైన చెల్లోలు ఒక పొడవైన రాగాన్ని దాదాపు కదలిక లేనంత నిమ్మళంగా పాడతాయి. కండక్టర్ స్వయంగా చెల్లో వాద్యకారుడు కావడం ఏమిటో ఈ ఒక్క నిమిషం చెబుతుంది. కమాను మార్చిన చోటు చెవికి అందదు. రాగం ఎగువకు వెళ్లేటప్పుడు స్వరానికీ స్వరానికీ మధ్య దూరం వినిపిస్తుంది. అక్కడ వేలు ఎగరదు, తీగ మీద జారుతుంది.

ఈ జారుడే బార్బిరోలి మీద వచ్చిన విమర్శల్లో పెద్దది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్ ఆర్కెస్ట్రాలు దీన్ని పాతకాలపు మోటుతనంగా చూసి మానేశాయి. కానీ మాలర్ కాలంలో అది మామూలు వాయింపు. పైగా మాలర్ ఎన్నోచోట్ల స్వరాల మధ్య గీత గీసి మరీ జారమని అడిగారు. ఆ గీతల్ని చూడనట్టు దాటేసిన కండక్టర్లను ఎవరూ తప్పుపట్టలేదు, పాటించినాయన్ని మాత్రం భావుకుడన్నారు. కర్ణాటక సంగీతం వినే చెవికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. జారు గమకం లేకుండా వరుసగా పలికిన స్వరాలు రాగం కావని ఆ చెవికి ఎవరూ చెప్పక్కర్లేదు. మాలర్ కొత్తగా వినే తెలుగు శ్రోతకు ఈ నాలుగో సింఫనీ టేపు మంచి గుమ్మం కావడానికి ఇదొక కారణం. రెండోది నిడివి: ఆయన సింఫనీల్లో పొట్టివాటిలో ఇదొకటి.

1960 అక్టోబరు 20 నాటి ఏడో సింఫనీ విషయంలో అంత తేలిగ్గా సిఫారసు చేయలేం. మాలర్ శతజయంతి ఏడాది. రచన చాలా పెద్దది కావడంతో హాలేకు బీబీసీ నార్తర్న్ సింఫనీ ఆర్కెస్ట్రాను జతచేసి ఫ్రీ ట్రేడ్ హాల్లో చేశారు. అప్పటికి బ్రిటన్‌లో ఈ సింఫనీ చాలామంది వినని రచన. వాద్యకారులకూ కొత్తే. టేపు మోనో, నాదం కాస్త ఇరుకు. అయినా మొదటి భాగం ఆరంభం వినితీరాలి. ఆస్ట్రియాలోని వోర్తర్‌సే సరస్సు మీద పడవలో వెళ్తున్నప్పుడు తెడ్డు వేటు నుంచి ఆ లయ తనకు తట్టిందని మాలర్ తర్వాత భార్యకు రాశారు. బార్బిరోలి ఆ తెడ్డును చాలా బరువుగా వేయిస్తారు, దాని మీద టెనర్ హార్న్ అనే ఇత్తడి వాద్యం గంభీరంగా లేస్తుంది. గిటార్, మాండొలిన్ వినిపించే నాలుగో భాగంలో సాయంకాలపు కచేరీ సొగసు ఉంది, తొందర లేదు. ఫినాలే దగ్గర మాత్రం రెండు ఆర్కెస్ట్రాలు కలిసిన అలసట కనిపిస్తుంది. స్కోరు ఓ మాదిరిగా తెలిసినవాళ్లకే ఈ టేపు పూర్తిగా లొంగుతుంది.

హాలేతోనే 1957లో ‘పై’ (Pye) అనే రికార్డుల సంస్థకు చేసిన మొదటి సింఫనీ రికార్డింగు ఉత్సాహంగా ఉంటుంది, అంతకుమించి చెప్పాల్సింది పెద్దగా లేదు. ఇంగ్లీషు గాయని కాథలీన్ ఫెరియర్ పాడిన ‘భూమిగీతం’ (రెండు గొంతులు, ఆర్కెస్ట్రా కోసం మాలర్ రాసిన పాటల రచన) మాత్రం వేరే సంగతి. 1952 ఏప్రిల్ 2న గాయకుడు రిచర్డ్ లూయిస్, హాలేలతో చేసిన ప్రసారం టేపు అది. మరుసటి నెలలోనే ఫెరియర్ వియన్నాలో బ్రూనో వాల్టర్‌తో అదే రచనను డెక్కా రికార్డు సంస్థ కోసం పాడారు. ప్రపంచం ఎరిగింది ఆ రికార్డే. మాంచెస్టర్ టేపు నాదం నాసిగా ఉంటుంది. కానీ ఫెరియర్‌కు బార్బిరోలి ఆప్తమిత్రుడు, చివరి రోజుల్లో 1953 ఫిబ్రవరిలో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ ఒపెరా హాల్లో ఆమె పాడిన చివరి ఓర్ఫియస్ ఒపెరాకు కూడా ఆయనే కండక్టర్. చివరి పాట "వీడ్కోలు"లో ఆర్కెస్ట్రా ఆమె గొంతు కోసం ఆగే తీరులో ఆ పరిచయం తెలుస్తుంది. వాల్టర్ మాలర్ శిష్యుడు, ఆ రచన తొలి ప్రదర్శన ఇచ్చిన మనిషి. ఆయన రికార్డు ముందు దీన్ని నిలబెట్టి పోటీ పెట్టాల్సిన పని లేదు. పక్కన ఉంచుకోవాల్సిన టేపు మాత్రం అవును.

ఈ టేపులన్నిటికీ ఉమ్మడి లోపాలు ఉన్నాయి. శ్రోతల దగ్గులు వినిపిస్తాయి. వాద్యాలు అక్కడక్కడా ఒక్క క్షణం ముందూ వెనకా పడతాయి. బార్బిరోలి తానే మూలుగుతూ రాగం అందుకోవడం స్టూడియోలోనూ ఆగలేదు, ఇక్కడ ఇంకాస్త స్వేచ్ఛగా ఉంది. స్వచ్ఛమైన నాదం కోసం వెతికేవాళ్లు కండక్టర్ రాఫేల్ కూబెలిక్ దగ్గరికో, ఆ తర్వాత వచ్చిన డిజిటల్ రికార్డింగుల దగ్గరికో వెళ్లడమే మంచిది. కానీ బార్బిరోలి మాలర్‌ను అంచనా వేయాలనుకున్నవాళ్లకు ఈఎంఐ రికార్డులు మూడే చాలవు. అక్కడ ఆయన తీరిగ్గా, ఎదురుగా ఎవరూ లేకుండా, ముక్కలు ముక్కలుగా పనిచేశారు. కచేరీలో మళ్లీ తీసుకునే వీలు లేదు కాబట్టి మొదటి స్వరం దగ్గరే చివరి స్వరం లెక్క తేల్చుకోవాల్సి వచ్చేది, ఆ లెక్క ఎంత కచ్చితమో టేపుల్లో వినిపిస్తుంది.

1970 జులై 29న బార్బిరోలి లండన్‌లో మరణించారు. అదే ఏడాది, ఆరోగ్యం బాగా దెబ్బతిన్నాక, స్టుట్‌గార్ట్ రేడియో ఆర్కెస్ట్రాతో చేసిన రెండో సింఫనీ కూడా దొరుకుతుంది. 1965 బెర్లిన్ ప్రదర్శనతో పోలిస్తే వాయింపు గరుకు, ఎగుడుదిగుళ్లు ఎక్కువ. ఏ ఒక్కటే వినాలంటే బెర్లిన్‌దే వినాలి: జానెట్ బేకర్ నాలుగో భాగంలో గొంతు ఎత్తిన క్షణం నుంచి ఫినాలేలో గాయకబృందం వినీ వినపడనంత మెల్లగా ప్రవేశించేదాకా ఆర్కెస్ట్రా ఎక్కడా ఆమెను తొందరపెట్టదు, తాను వెనకబడదు.